కాలా ఘోడా వీథిలో ఒక సమాజం

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలను చూసినవారికి ‘సమాజం’ అనే మాట ఒక్క క్షణం తికమక కలిగిస్తుంది. నేడు మనం ఆ పదాన్ని జనసముదాయమనే అర్థంలో వాడుతున్నాం. మౌర్యుల కాలంలో దాని అర్థం వేరు. జనం ఒకచోట కూడి ఆటపాటలు, పందేలు, విందులు జరుపుకొనే ఉత్సవాన్ని ఆనాడు సమాజమనేవారు. మొదటి శిలాశాసనంలో అశోకుడు జంతుబలిని నిషేధించిన వెంటనే సమాజాలను కూడా జరపరాదన్నాడు, వాటిలో తనకు దోషాలెన్నో కనిపిస్తున్నాయన్నాడు. అంతటితో ఆగితే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఆ మరువాక్యంలోనే, కొన్ని సమాజాలు మాత్రం తనకు సమ్మతమైనవేనని కూడా చెక్కించాడు. ఏవి సమ్మతమో ఆ శాసనంలో వివరించలేదు. మాంసభోజనాలతో కూడినవి ఒక తరగతి, నృత్యగీతాది ప్రదర్శనలతో కూడినవి మరొక తరగతి అని డి.ఆర్. భండార్కర్ వివరించారు. నాలుగవ శాసనంలో అశోకుడే విమానాలను, ఏనుగులను, అగ్నిస్కంధాలను, దివ్యరూపాలను ప్రజలకు చూపించానని చెప్పుకొన్నాడు గనుక, ప్రదర్శన అన్న దాని మీదే ఆయనకు విముఖత ఉన్నదనడానికి వీలులేదు. ఏ ప్రదర్శన, ఎందుకు, ఎవరి ఖర్చుతో అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నను వెంట పెట్టుకొనే నేను ముంబయి నగరంలో ఏటా ఫిబ్రవరి ప్రాంతంలో తొమ్మిది రోజులు జరిగే కాలా ఘోడా కళోత్సవానికి వెళ్ళాను.

ఒంటరిగా వెళ్ళలేదు. థేరవాద సంప్రదాయంలో ఉపసంపద పొందిన ఒక యువ భిక్షువు నాతో వచ్చారు. ఆయన పని మ్యూజియంలో, నా పని వీథిలో. ఈ పనుల విభజన ఎందుకు జరిగిందో తరువాత చెబుతాను.

ఉత్సవ చరిత్ర క్లుప్తంగా ఇది. దక్షిణ ముంబయిలో కోట ప్రాంతపు అంచున, మ్యూజియం నుండి విశ్వవిద్యాలయం దాకా వ్యాపించిన పాత కట్టడాల పేటను కాపాడుకోవాలన్న తలంపుతో 1998లో కాలా ఘోడా అసోసియేషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది, 1999లో, మొదటి ఉత్సవం జరిగింది. ప్రవేశ రుసుము లేదు. చిత్రకళ, శిల్పం, నృత్యం, సంగీతం, నాటకం, సినిమా, సాహిత్యం, బాలల కార్యక్రమాలు, వారసత్వ నడకలు అన్నీ ఆ తొమ్మిది రోజులలోనే. మ్యూజియం, జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల, డేవిడ్ ససూన్ గ్రంథాలయం, ఎల్ఫిన్‌స్టన్ కళాశాల, నీలిరంగు యూదు ప్రార్థనాలయం అన్నీ పది నిమిషాల నడక దూరంలో ఉన్నవే. ఉత్సవం ద్వారా సమకూరిన ధనంతో ఈ పేటలోని కట్టడాలను, వీథులను బాగుచేయించడం సంస్థ ఆశయం. బొమాంజీ హోర్ముస్జీ వాడియా స్మారకంగా నిలిచిన గడియార స్తంభం పునరుద్ధరణ ఆ సంస్థ చేయించినదే. ఈ విషయాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే నా విమర్శ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

పేటకు ఆ పేరు ఒక విగ్రహం వలన వచ్చింది. తరువాత ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి అయిన వేల్స్ యువరాజు గుర్రమెక్కి ఉన్న నల్లని కంచు విగ్రహాన్ని ఆల్బర్ట్ ససూన్ నగరానికి కానుకగా ఇచ్చాడు. 1879లో ప్రతిష్ఠించిన ఆ విగ్రహాన్ని 1965లో అక్కడి నుండి తీసి బైకల్లాలోని జంతుప్రదర్శనశాల తోటకు తరలించారు. విగ్రహం పోయినా పేరు పోలేదు. అర్ధశతాబ్ది గడిచిన తరువాత, 2017లో, అదే పేటలో కొత్త నల్లగుర్రాన్ని నిలిపారు. ఈసారి దాని మీద రౌతు లేడు. సాంచీ తూర్పు తోరణం మీద ఛత్రచ్ఛాయలో రౌతు లేకుండా సాగిపోయే కంథకాన్ని చూసిన కన్నులు ఇక్కడ ఆగకుండా ఉండలేవు. అయితే ఈ పోలికను లాగి పొడిగించడం నాకు ఇష్టం లేదు. సాంచీలో వీపు ఖాళీగా ఉండటం అక్కడొకరున్నారని చెప్పడానికి. ముంబయిలో వీపు ఖాళీగా ఉండటం, ఒకప్పుడక్కడ ఉన్నవాడు ఇక మాకక్కరలేదని చెప్పడానికి. రెండు ఖాళీలకు ఒకే అర్థం లేదు. కాని ఒక నగరం తన వీథి పేరును కాపాడుకొని, ఆ పేరులోని రాజును మాత్రం వదులుకోగలిగిందన్న సంగతి వారసత్వ పరిశోధకులు ఆలోచించదగినది. మనం కట్టడాలను కాపాడటం గురించి మాట్లాడినప్పుడు దేనిని వదులుకోవచ్చునో ఎన్నడూ మాట్లాడము.

ఇక ఉత్సవపు మాట. ఆదివారం సాయంత్రం వెళ్ళినవాడికి మొదట కనబడేది కళ కాదు, జనం. రాంపార్ట్ రోలో అడుగు తీసి అడుగు వేయడానికి అవకాశం లేదు. నడివీథిలో వెదురుతో, ఇనుముతో, పారవేసిన ప్లాస్టిక్‌తో, పాత యంత్రభాగాలతో కట్టిన పెద్ద పెద్ద నిర్మాణాలు ఉన్నాయి. ప్రతి నిర్మాణం ముందూ ఒక వరుస. ఆ వరుస నిర్మాణాన్ని చూడటానికి కాదు, దాని ముందు నిలబడి ఫోటో తీయించుకోవడానికి. ఫోటో అయిపోగానే వీపు తిప్పి వెళ్ళిపోతున్నారు. ఒక నిర్మాణం ఎదుట ఇరవై నిమిషాలు నిలబడి చూశాను. దానికి ఎదురుగా ముఖం పెట్టి నిలిచినవారి కంటే దానికి వీపు పెట్టి నిలిచినవారే ఎక్కువ. చైత్యానికి కుడివైపుగా తిరగడం తెలిసిన మనకు ఇది వింతైన ప్రదక్షిణం.

ఇలా రాస్తున్నప్పుడే నన్ను నేను అనుమానించుకున్నాను. జనాన్ని ఈసడించడం విమర్శకులకు సులభమైన పని. ఆ వరుసలో చంటిబిడ్డలను ఎత్తుకొని వచ్చినవారున్నారు, శివారు రైళ్ళలో రెండు గంటలు ప్రయాణించి వచ్చిన విద్యార్థులున్నారు. మిగిలిన ఏడాదిలో గ్యాలరీ తలుపు నెట్టి లోపలికి వెళ్ళడానికి జంకేవారు వాళ్ళు. టికెట్టు లేని వీథి వారిని రమ్మన్నది. జహంగీర్ గ్యాలరీ మెట్ల మీద ఒక కుటుంబం, లోపలికి వెళ్ళవచ్చునా కూడదా అని చాలాసేపు తర్జనభర్జన పడి, చివరకు వెళ్ళింది. 1952లో సర్ కవాస్జీ జహంగీర్ తన కుమారుని స్మృతిలో విరాళమిచ్చి ఆ గ్యాలరీని కట్టించింది అలాంటివారి కోసమే కదా. ఉత్సవం చేయగలిగిన మేళ్ళలో ఇది మొదటిది, బహుశా అన్నిటికంటే పెద్దది. అది జనుల పాదాలను తలుపుల దాకా తీసుకువస్తుంది. గడప దాటించే శక్తి మాత్రం దానికి లేదు.

భిక్షువు విషయానికి వస్తాను. శ్రామణేరుల దశశీలాలలో ఏడవది నృత్య, గీత, వాద్య, వినోదదర్శనాలకు దూరంగా ఉండటం. చుల్లవగ్గలో ఛబ్బగ్గియ భిక్షువులు రాజగృహంలో గిరగ్గ సమజ్జానికి వెళ్ళిన ప్రస్తావన ఉన్నది. కామభోగులైన గృహస్థుల వలె శాక్యపుత్రీయ శ్రమణులు ఆటలు చూడటమేమిటని జనం సణిగారు. భగవానుడు దానిని నిషేధించాడు. పాళిలో సమజ్జం, శాసన ప్రాకృతంలో సమాజం, రెండూ ఒకటే. సిగాలోవాద సుత్తం గృహస్థునికి కూడా సమజ్జాల వెంట తిరగడంలోని దోషాలను లెక్కపెట్టి చెబుతుంది: నాట్యమెక్కడ, పాటెక్కడ, వాద్యమెక్కడ, కథ చెప్పేదెక్కడ, చప్పట్ల మోతెక్కడ, కుండవాద్యమెక్కడ అని వెతుక్కుంటూ పోవడమే అతని పనైపోతుందని. తొమ్మిది రోజుల కార్యక్రమ పట్టికను చేతిలో పట్టుకొని ఒక వేదిక నుండి మరొక వేదికకు పరుగులు తీస్తున్నవారిని చూసినప్పుడు ఆ సుత్తం నాకు గుర్తుకు రాకుండా ఉండలేదు. ఆ పరుగులు తీసినవారిలో నేనూ ఉన్నాను.

నృత్యం మొదలయ్యే వేళకు భిక్షువు మ్యూజియం వైపు మళ్ళారు. ‘‘భంతే, దూరం నుండి వినడం కూడా దోషమేనా?’’ అని అడిగాను. ‘‘చెవికి తలుపులు లేవు, ఉపాసకా. కాని వెతుక్కుంటూ వెళ్ళడం నా పని కాదు’’ అన్నారాయన. ఆ మాటలో ఉత్సవం మీద అవజ్ఞ లేదు.

అయినా మన సంప్రదాయం కళను ఒకే కొలబద్దతో కొలవలేదు. నటగామణి తాలపుటుడు భగవానుని వద్దకు వచ్చి, సత్యాసత్యాలతో జనాన్ని నవ్వించే నటుడు మరణానంతరం నవ్వే దేవతల లోకానికి పోతాడట, నిజమేనా అని అడిగాడు. అడగవద్దని ఆయన పదే పదే వారించి, విధిలేక చెప్పిన సమాధానంలో తప్పుపట్టింది నవ్వును కాదు. రాగద్వేషమోహాలు ఇంకా వీడని జనానికి వాటినే మరింతగా ఎక్కించి, తాను మత్తులో ఉండి ఇతరులను మత్తులోకి దింపడాన్ని. తాలపుటుడు ఏడ్చాడు, ప్రవ్రజ్య తీసుకున్నాడు, అర్హతుడైనాడు. థేరగాథలో ఆయన గాథలూ ఉన్నాయి. నటుడు నోరు మూసుకోలేదన్నమాట, మాట మార్చుకున్నాడు. మరొకచోట, సక్కపన్హ సుత్తంలో, గంధర్వుడైన పంచశిఖుడు వీణ మీటి పాడితే, తంత్రుల నాదం పాటతో, పాట తంత్రుల నాదంతో చక్కగా కలిశాయని భగవానుడు మెచ్చుకొన్నాడు. ఆ పాటలో ప్రేయసిని గూర్చిన మాటలు కూడా ఉన్నాయి. సారిపుత్త మొగ్గల్లానులు గృహస్థులుగా ఉన్నప్పుడు వైరాగ్యం పొందింది కూడా, అట్ఠకథ ప్రకారం, గిరగ్గ సమజ్జంలో కూర్చొని ఆట చూస్తున్నప్పుడే. నూరేళ్ళలో ఈ ఆడేవారూ ఉండరు, చూసేవారూ ఉండరన్న తలంపు వారికి అక్కడే కలిగింది. ఉత్సవం లేకపోతే ఆ తలంపు మరెక్కడో కలిగేది కావచ్చు. ఉత్సవంలోనే కలిగిందని చెప్పడానికి సంప్రదాయం వెనుకాడలేదు.

కాబట్టి చూడవచ్చునా, చూడరాదా అన్నది వినయం తేల్చిన విషయం. భిక్షువుకు ఒక దారి, గృహస్థుకు మరొక దారి. పోషించవచ్చునా, పోషిస్తే ఎలా అన్నది వేరే ప్రశ్న. మన పత్రికలో ఈ రెంటినీ ఒకటిగా కలిపి మాట్లాడటం నేను చాలాసార్లు చూశాను. ఆటను చూడని సంఘమే శిల్పాన్ని చెక్కించింది. అమరావతి, నాగార్జునకొండ ఫలకాలపై నర్తకులు, వైణికులు, మృదంగం వాయించేవారు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఆ పనిని పర్యవేక్షించినవారు భిక్షువులే.

నా అసంతృప్తి ఇక్కడే మొదలవుతుంది. వీథిలో ప్రతి నిర్మాణం పక్కన ఒక ఫలకం ఉన్నది. పోషకుల చిహ్నాన్ని ఎక్కడి నుండైనా గుర్తించవచ్చు. కళాకారుని పేరు చదవడానికి దగ్గరకు పోయి వంగాలి. వెదురు కట్టినవాడి పేరు, ఇనుము అతికినవాడి పేరు, రాత్రికి రాత్రి నిలబెట్టిన కూలీల పేర్లు వంగినా కనబడవు. ఇది ఈ ఒక్క ఉత్సవపు దోషం కాదు. దేశంలో నేను చూసిన కళోత్సవాలన్నిటి అలవాటు ఇదే, మన విద్వత్సభల ఆహ్వానపత్రికల అలవాటు కూడా ఇదే.

నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఆమె తన దానాలను, తన బంధువులను సుదీర్ఘంగా పేర్కొన్నది. అంతటితో ఆగలేదు. ఆ నిర్మాణాన్ని నడిపించిన ముగ్గురు నవకర్మిక స్థవిరుల పేర్లు చెప్పింది: చంతముఖుడు, ధర్మనంది, నాగుడు. చివరకు, ఇది శైలవర్ధకి విధికుని పని అని రాయించింది. ఇచ్చినవారు, నడిపించినవారు, చెక్కినవారు ముగ్గురూ ఒకే రాతి మీద. కార్లే మహాచైత్యం ద్వారం దగ్గర ధేనుకాకటానికి చెందిన సింహదత్తుడనే గంధద్రవ్యాల వర్తకుడు ఆ ద్వారం తన దానమని చెప్పుకొన్నాడు. అదే ఊరికి చెందిన వడ్రంగి సామి ఆ ద్వారాన్ని తాను చేశానని చెప్పుకొన్నాడు. ధనం ఒకరిది, చేయి మరొకరిది. రాతికి ఇద్దరూ కావలసి వచ్చారు. కొన్నిచోట్ల ఆ రెండూ ఒక్కరే. సాంచీ దక్షిణ తోరణపు చెక్కడం విదిశకు చెందిన దంతకారులది.

ప్రాచీనులు నిరహంకారులని నేను అనడం లేదు. కార్లే చైత్యాన్ని పూర్తి చేయించిన వైజయంతి శ్రేష్ఠి భూతపాలుడు అది జంబూద్వీపంలోనే ఉత్తమమైన శైలగృహమని చెక్కించుకున్నాడు. నేటి ప్రకటనకర్తలు అంతకంటే గొప్పగా ఏం చెప్పగలరు? దాతకు కీర్తి కావాలి, ఆనాడూ కావాలి, ఈనాడూ కావాలి. దానిని కపటమనుకోనవసరం లేదు. తేడా ఇంకొకచోట ఉన్నది. భూతపాలుడు తన పేరును దానం చేసిన వస్తువుకే కట్టివేశాడు. ఆ వస్తువు ఉన్నన్నాళ్ళే ఆ పేరు ఉంటుంది. తొమ్మిది రోజుల తరువాత నిర్మాణం విప్పివేయబడుతుంది, పేరు మాత్రం మరుసటి ఉత్సవానికి తరలిపోతుంది.

ఈ తేడా మన చట్టానికి కూడా తెలుసు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ విభాగం ప్రకారం నిర్ణీత పరిమితిని మించిన కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు నికరలాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఏడవ షెడ్యూలులో జాతీయ వారసత్వం, కళ, సంస్కృతుల పరిరక్షణ, చారిత్రక కట్టడాల పునరుద్ధరణ, సంప్రదాయ కళల, హస్తకళల ప్రోత్సాహం చేరి ఉన్నాయి. అయితే 2021లో సవరించిన నియమాలు, తన సరుకులకో సేవలకో మార్కెట్టు ప్రయోజనం ఆశించి చేసే స్పాన్సర్‌షిప్పులను ఈ లెక్కలో చేర్చరాదని స్పష్టం చేశాయి. దానమొకటి, బేరమొకటి అని గణక నియమాల భాషలో చెప్పడమే ఇది. బేరంలో తప్పేమీ లేదు. ఉత్సవాలు బేరంతోనే నడుస్తాయి, ప్రవేశం ఉచితం కావడానికి కూడా అదే ఆధారం. బేరాన్ని దానమని పిలిచినప్పుడే చిక్కు.

అంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది కాలపు లెక్క. నాసిక్ గుహల్లో నహపానుని అల్లుడు ఉషవదాతుని శాసనం మన పాఠకులలో చాలామందికి కంఠస్థం. అతడు 3000 కార్షాపణాలను అక్షయనీవిగా గోవర్ధనంలోని నేతగాళ్ళ శ్రేణుల వద్ద ఉంచాడు. ఒక శ్రేణి వద్ద 2000, నెలకు నూటికి ఒకటి చొప్పున. మరొక శ్రేణి వద్ద 1000, నెలకు నూటికి ముప్పాతిక చొప్పున. అసలు ముట్టరాదు, వడ్డీని మాత్రమే అనుభవించాలి. మొదటి మొత్తం మీద ఏడాదికి వచ్చేది 240. గుహలో వర్షావాసం చేసే 20 మంది భిక్షువులకు ఒక్కొక్కరికి 12 చొప్పున చీవర మూల్యం. లెక్క సరిగ్గా సరిపోతుంది. నిగమసభలో వినిపించి, ఫలకం మీదికి ఎక్కించి మరీ చేసిన ఏర్పాటది. ధనాన్ని ఎవరి వద్ద ఉంచాడో గమనించండి. నేతగాళ్ళ వద్ద. భిక్షువుకు వస్త్రం, నేతగాడికి పెట్టుబడి, రెండూ ఒకే చర్యలో. చేతిపనివాడు ఇక్కడ దానం పుచ్చుకొనే దీనుడు కాదు. దాత తన ధర్మాన్నే అతని వద్ద నమ్మి దాచుకున్నాడు.

కాలా ఘోడా ఉత్సవంలో ఇందుకు దగ్గరగా వచ్చేది కట్టడాల పునరుద్ధరణే. తొమ్మిది రోజుల సందడిలో పుట్టిన ధనం గడియార స్తంభపు రాతిలోకి, వీథుల బాగులోకి పోవడం నా దృష్టిలో దేశంలోని మిగిలిన ఉత్సవాలు నేర్చుకోదగిన పద్ధతి. మన శాసనాల భాషలో అది నవకర్మం. ఆ మేరకు ఈ సమాజం అశోకునికి సమ్మతమైన సమాజాలలో చేరుతుందని నిస్సంకోచంగా అంటాను. కాని ఆ ధనం మళ్ళీ రాతికే పోతున్నది. కళ పేరుతో జనాన్ని పిలిచి, కట్టడాన్ని కాపాడి, కళాకారుణ్ణి ఇంటికి పంపుతున్నాం. బతికి ఉన్న కళకు అక్షయనీవి ఏది? ఈ ప్రశ్న ఉత్సవ నిర్వాహకులను మాత్రమే అడగవలసినది కాదు. ఒక స్తూపపు పునాదిని కప్పడానికి రేకుల చూరు కోసం పదేళ్ళు అర్జీలు రాసే మనం, ఆ స్తూపం మీద ఉన్న తోలు వాద్యాన్ని నేటికీ చేసేవాడి కోసం ఒక్క అర్జీ రాశామా?

అంగళ్ళ వరుసలో తెలుగు మాట వినబడి ఆగాను. నిమ్మలకుంట నుండి వచ్చిన తోలుబొమ్మల కళాకారుడు. ఆ ఊరు ధర్మవరం దగ్గర ఉన్నది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది, అదే ఊరికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ కూడా లభించింది. మేకతోలును పలుచగా సాగదీసి, ఆరబెట్టి, ఉలులతో బెజ్జాలు కొట్టి, రంగులు దిద్ది చేసే ఆ బొమ్మల వెనుక దీపం పెడితే రామాయణం కదిలేది. ఆ కుటుంబాలలో చాలామంది ఇంట మాట్లాడేది మరాఠీ ఛాయ గల మాట. అందుచేత ముంబయిలో అతనికి బేరమాడటం ఇబ్బందిగా లేదు. అంగడి నిండా దీపపు తొడుగులు. ఒక మూల మాత్రం హనుమంతుడు, రావణుడు, నిలువెత్తు బొమ్మలు రెండు వేలాడుతున్నాయి.

‘‘అవి అమ్మవా?’’ అని అడిగాను.

‘‘అమ్మక ఏం చేసేది సార్? అందరూ వాటి పక్కనే నిలబడి ఫోటో తీసుకుంటారు. కొనేది మాత్రం ల్యాంపులే.’’

‘‘ఆట ఆడమని ఎవరూ అడగరా?’’

‘‘అడుగుతారు. ఎక్కడికి పోయినా పది నిమిషాలు ఆడమంటారు. పది నిమిషాల్లో ఏం కథ చెప్పేది? మా నాయన తెల్లవార్లూ ఆడేవాడు సార్.’’

అతని గొంతులో ఫిర్యాదు లేదు. సరుకు బాగానే పోతున్నదని, వచ్చే ఏడాదీ వస్తానని చెప్పాడు. దీపపు తొడుగు అతని కుటుంబాన్ని నిలబెట్టింది. దానిని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. కాని తోలు మీద ఉలి పట్టే చేయి మిగిలి, రాత్రంతా కథ నడిపే గొంతు పోతుంటే, మిగిలినది ఆ కళలో ఎన్నో వంతు? భౌగోళిక గుర్తింపు వస్తువుకు వర్తిస్తుంది, రాత్రికి వర్తించదు. అమరావతిలో చర్మకారుడు విధికుడు, ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు, తన తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానం చేశాడు. తోలుపని చేసేవాడు మహాచైత్యానికి దాత కాగలిగిన నేల అది. ఆ దానం వెనుక ఎంత సంపాదన, ఎంత ఆత్మగౌరవం ఉండి ఉండాలో ఆలోచించండి. కళను పోషించడమంటే కళాకారుడు ఇచ్చేవాడి స్థానంలో నిలబడగలిగేటట్టు చేయడమని నేను ఆ ఫలకం నుండి నేర్చుకున్నాను. ఉత్సవంలో అతణ్ణి అందరూ మెచ్చుకున్నారు, కొందరు కొన్నారు. నేనూ ఒక చిన్న బొమ్మను, పడగ విప్పిన నాగును, కొన్నాను. కాగితంలో చుట్టి ఇచ్చాడు.

మ్యూజియం మూసే వేళకు భిక్షువును కలుసుకున్నాను. ఆయన రెండు వస్తువుల దగ్గరే ఎక్కువ కాలం గడిపారట. ఒకటి సొపారాలో దొరికిన అశోకుని ఎనిమిదవ శాసనపు ముక్క. రాజులు వేట మొదలైన వినోదాలతో చేసే విహారయాత్రలను మాని, తాను సంబోధికి వెళ్ళి ధర్మయాత్రలు ప్రారంభించిన సంగతిని అశోకుడు చెప్పుకొన్నది ఆ శాసనంలోనే. ఆ శకలం ఈ వీథికి ఎదురుగా ఉన్న గోడల మధ్యనే ఉన్నదని వీథిలో ఎంతమందికి తెలుసునో. రెండవది సింధులోని మీర్‌పూర్ ఖాస్ స్తూపం నుండి వచ్చిన మట్టిబొమ్మ. 1910 ప్రాంతంలో హెన్రీ కజెన్స్ తవ్వకాలలో బయటపడిన ఆ శిల్పాలలో చేత కమలం పట్టుకొని నిలబడిన ఒక పురుషుడు ఉన్నాడు. అతడు దాత అని, భక్తుడని పరిశోధకులు చెబుతారు. రంగు జాడలు ఇంకా మిగిలి ఉన్నాయి. పేరు లేదు. ‘‘ముఖంలో అడగడం లేదు, ఉపాసకా, ఇవ్వడం మాత్రమే ఉంది’’ అన్నారు భిక్షువు. ఆ వ్యాఖ్యను శిల్పశాస్త్ర దృష్టితో సమర్థించగలనో లేదో నాకు అనుమానమే.

మరునాడు ఉదయం మేమిద్దరం కన్హేరీకి వెళ్ళాము. అదే నగరంలో, జాతీయ ఉద్యానవనపు అడవి మధ్య, నూరుకు పైగా గుహలు. మూడవ గుహలోని మహాచైత్యం యజ్ఞశ్రీ శాతకర్ణి కాలంలో గజసేన గజమిత్రులనే వర్తక సోదరుల దానం. ద్వారస్తంభం మీది శాసనం చాలా భాగం శిథిలమైంది. మిగిలిన భాగంలో నవకర్మికులుగా పనిని నడిపించిన భిక్షువుల ప్రస్తావన ఉన్నది. రాతిపనివారి ప్రస్తావన ఉన్నది. రాతికి మెరుగు పెట్టినవారిని కూడా వదలలేదు. భిక్షువు ఆ పంక్తుల దగ్గర అక్షరం వెంట అక్షరం వేలితో గాలిలో గీస్తూ చదువుకున్నారు. రాతిని తాకలేదు.

దిగి వచ్చేటప్పుడు నిన్న కొన్న బొమ్మను చూపించమన్నారు. కాగితం విప్పి చూపించాను. ఎండకు ఎత్తిపట్టి, బెజ్జాలలోంచి వెలుగు తన చీవరం మీద పడటం చూసి, ‘‘ఎవరు చేశారు?’’ అని అడిగారు.

నేను అతనితో అరగంట మాట్లాడాను. తండ్రి ఆటను గురించి అడిగాను, ధర అడిగాను. పేరు అడగలేదు. బొమ్మను తిప్పి చూశాను, వెనుక ఏమీ లేదు. సంచిలోని చీటీ మీద మొత్తం, తేదీ, ఊరి పేరు ఉన్నాయి.